నూట పదమూడో పేజీ

కొత్త పుస్తకం చేతికిస్తే మీరు అట్ట చూస్తారు. నేను తిరగేసి వీపు చూస్తాను. మదనపల్లెలో ముప్పై ఏళ్ళు బైండింగ్ పని చేసినవాడిని, పుస్తకాన్ని వెనకనుంచి పలకరించడమే నాకు వచ్చిన మర్యాద. చదువు సంగతి ముందే చెప్పేస్తాను. ఆరో తరగతిలో నాకూ లెక్కల అయ్యవారికీ పడలేదు. ఇద్దరిలో ఒకరు బడి వదలక తప్పలేదు. ఆయనకు నెల జీతం ఉంది, నాకు లేదు. పాపం అనుకుని నేనే వదిలాను.

ఫోన్లలో కథలు చదువుకునే మీకు నేను పని నేర్పబోవడం లేదు. ఆ పనే పోయింది. నా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటు చెబుతాను. నేను చక్కగా కుట్టిన వేల పుస్తకాలు ఎవరికీ గుర్తు లేవు. తప్పుగా కుట్టిన ఆ రెండు పుస్తకాలను మాత్రం మూడు ఊళ్ళు గుర్తు పెట్టుకున్నాయి.

తొంభైల నడుమ సంగతి. మా షాపులో ముగ్గురం. యజమాని అయిన మేస్త్రీ, కాగితాలు మడిచి వరస చూసే అక్క, కుట్టేవాడిని నేను. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఫారాలను వరసగా పేర్చి, వీపున సూదితో కుట్టి, మైదా పేస్టు పూసి, అట్ట వేస్తే పుస్తకం. మీకు ఇంతవరకు తెలిస్తే చాలు. నాకూ ఇంతవరకే తెలుసు.

మేస్త్రీకి ఒకే ఒక్క నియమం ఉండేది. చేతిలో ఉన్న పుస్తకాన్ని చదవకూడదు. ఒకసారి నేను పట్టుబడ్డాను.

"నువ్వు కుట్టేదానికి వచ్చినావా, సదివేదానికి వచ్చినావా?" అన్నాడు.

"ఊరికే సూస్తాండాను మేస్త్రీ."

"సదివేటోడివయితే బడి యాల ఇడిసినావప్పా? ఆడనే కూసోనుంటే నీకు దండం పెట్టి కుట్టేదానికి ఇంకోణ్ణి తెచ్చుకుందును గదా!"

దీనికి జవాబు ఉంటే చెప్పేవాడినే. నా నోరు అంత తేలిగ్గా మూతపడేది కాదు.

పుంగనూరులో అద్దెకు పుస్తకాలిచ్చే అంగడి ఒకటి ఉండేది. దాని యజమాని ప్రతి ఎండాకాలం సెలవులకు ముందు చిరిగిన పుస్తకాలను గోనెసంచిలో మోసుకొచ్చేవాడు. వాటిలో 'గవ్వలకోట' అని ఎనిమిది భాగాల పిల్లల కథ. ఒక రాకుమారి, ఒక మాంత్రికుడు, తలుపుల్లేని కోట, మాట్లాడే తేలు. పుంగనూరు పిల్లలు దాన్ని చదివిన తీరుకు పుస్తకాల వీపులు విరిగిపోయేవి. సగం మంది పిల్లలు ఎడమ చేతికి గవ్వ కట్టుకుని తిరిగేవారు, మాంత్రికుడు దగ్గరికి రాడని. పరీక్షలకు కూడా కట్టుకుని పోయేవారట. లెక్కల అయ్యవార్ల మీద అది పనిచేయదని నేను వాళ్ళకు చెప్పగలిగి ఉండేవాడిని.

నాకప్పటికే ఇద్దరు పిల్లలు. అయినా దొంగతనంగా ఏడు భాగాలు చదివేశాను. ఎనిమిదో భాగం ఆ ఏడాదే చేతికొచ్చింది, విడి ఫారాలుగా. అది మొత్తం నూట ఇరవై ఎనిమిది పేజీలు. నూట పన్నెండో పేజీ చివర మాంత్రికుడు మంత్రదండం తాకిస్తాడు. "రాకుమారి కళ్ళు తెరిచేసరికి ఒళ్ళంతా వేలెడంత అయిపోయింది. చుట్టూ ఆకుపచ్చని" అని ఆగిపోయింది. మిగతాది ఆఖరి ఫారంలో ఉంది. మేస్త్రీ అన్నానికి వెళ్ళాడు. నేను ఆఖరి ఫారం తీసి ఒక పేజీ చదివానో లేదో, వీధిలో ఆయన చెప్పుల చప్పుడు. చేతిలోని ఫారాన్ని పక్కనున్న కట్ట కిందికి తోసేశాను.

పక్కనున్న కట్ట ఏమిటంటే, కుప్పంలో రైతులకు పట్టు పురుగుల పెంపకం నేర్పే ఆఫీసువాళ్ళ పుస్తకం. అదే సైజు, అదే మోటు కాగితం, అవే నూట ఇరవై ఎనిమిది పేజీలు. సాయంత్రం రెండూ కుట్టేటప్పుడు నూట పదమూడో పేజీతో మొదలయ్యే ఫారం కనబడింది, ఒకదాంట్లో పెట్టాను. అలాంటిదే ఇంకొకటి కనబడింది, రెండోదాంట్లో పెట్టాను.

"వరస సూసినావా?" అని అక్క అడిగింది. అది ఆమె పని. ఆ రోజు తొందరగా ఇంటికి పోవాలని నాకు అప్పగించింది.

"సూసినాను" అన్నాను. చూశాను కూడా. అంకెలు సరిపోయాయి.

పదిహేను రోజుల తర్వాత పుంగనూరు ఆయన షాపు మెట్లెక్కుతూనే అరిచాడు. "ఏమప్పా, బంగారట్లా రాకుమారిని పురుగును జేసినావే!"

ఆయన చెప్పింది విని మేస్త్రీకి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఎనిమిదో భాగంలో నూట పన్నెండో పేజీ "చుట్టూ ఆకుపచ్చని" అని ఆగితే, నూట పదమూడో పేజీ "ఆకులను తాజాగా కోసి రోజుకు నాలుగుసార్లు వేయాలి" అని మొదలవుతోంది. పిల్లలు ఎక్కడా అనుమానపడలేదు. రాకుమారి పురుగైంది, ఆకు తింటోంది, గూడు కట్టుకుంటోంది. మాంత్రికుడి శాపం ఇంత వివరంగా ఉంటుందని వాళ్ళు అనుకోలేదు, అంతే.

"పిలకాయలు కొట్టుకుంటాండారు ఆ పుస్తకానికి," అన్నాడు ఆయన. "నేను సదివి సూస్తే గదా తెలిసింది."

నేను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాను. నవ్వనిది అక్క ఒక్కతే.

"పిలకాయల కత అట్ల పోనీ. ఆ పురుగుల పుస్తకం యాడికి పోయిందో సూడు ముందు. దాంట్లో ఉండాల్సిన కాయితాలు ఈడ ఉంటే, ఆడ పురుగులు పెంచేవోడు ఏమి సూసి పెంచతాడు?"

నా నవ్వు అక్కడే ఆగింది.

ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉండేది. మేస్త్రీ కుప్పం ఆఫీసుకు ఫోన్ చేశాడు. గుమాస్తా చెప్పింది విన్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. తెలుగులో ఉన్న పుస్తకం వాళ్ళ దగ్గర అదొక్కటే. దాన్ని దగ్గరి పల్లెలో ఒక రైతు తీసుకెళ్ళాడు. మూడేళ్ళుగా వేరుశనగ ఎండిపోయి, ఉన్న ఒక్క బోరు నీళ్ళూ మల్బరీకి పెట్టి, మొదటిసారి పురుగులు పెంచుతున్నాడు. ఆ ఊళ్ళో ఇంకెవరూ పెంచలేదు. నేర్పే ఆఫీసరు ట్రైనింగుకని బెంగుళూరు వెళ్ళాడు. పుస్తకం చివర రాకుమారి ఎందుకు వచ్చిందని రైతు నిన్ననే మనిషిని పంపి అడిగించాడట. గుమాస్తాకు అర్థం కాక, ఆఫీసరు వచ్చాక చూద్దామని పంపేశాడు.

పట్టు పురుగు పెరిగేలోపల నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచి లేస్తుంది. నాలుగోసారి లేచాక వారానికి అటూ ఇటూగా గూడు కడుతుంది. ఆ రైతు పురుగులు లేచి అప్పటికే ఆరు రోజులు. ఆ చివరి వారం సంగతంతా ఉన్నది నేను మార్చి కుట్టిన పదహారు పేజీల్లోనే.

"సదివినావు గదా?" అన్నాడు మేస్త్రీ, ఫోన్ పెట్టేసి.

"ఒక్క పేజీనే మేస్త్రీ."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సూది, దారం, చిన్న కత్తి, పేస్టు డబ్బా సంచిలో వేసి నా చేతికిచ్చాడు.

మర్నాడు తొలి బస్సుకు పుంగనూరు చేరాను. ఎనిమిదో భాగం అప్పుడు పాత్రల అంగడివాళ్ళ అమ్మాయి దగ్గర ఉంది. పదకొండేళ్ళు, రెండు జడలు, చేతికి గవ్వ. నేను జరిగిందంతా చెప్పి పుస్తకం అడిగితే దాన్ని రెండు చేతులా గుండెకు పొదువుకుంది.

"ఇయ్యను."

"అది కత కాదమ్మా. పురుగులు పెంచేదానికి రాసింది. నేను తప్పుగా కుట్టినాను."

"నువ్వు అబద్ధం జెప్తాండావు మామా. ఎనిమిది భాగాల్లో ఇంత బాగా యాడా లేదు. రాకుమారి ఎంత తింటాదో, ఎన్ని రోజులు నిద్రపోతాదో అన్నీ జెప్పినారు."

"ఆడొకాయన నిజం పురుగుల్ని పెట్టుకోని ఈ కాయితాల కోసం సూస్తాండాడు తల్లీ."

ఆ మాటకు ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగా ఉండాయా?"

"ఉండాయి."

"అయితే పుస్తకంతో పాటు నేనూ వస్తాను."

లోపలినుంచి వాళ్ళ అవ్వ బయటికి వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఆడబిడ్డను ఒంటిగా నీతో పంపేదానికి నాకేమన్నా పిచ్చా? సీర మార్సుకోనొస్తా, ఉండు" అంది. పురుగుల పేరు చెబితే ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారనుకున్న నా తెలివికి అది రెండో దెబ్బ.

పలమనేరు మీదుగా కుప్పం దారిలో అంతసేపూ ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. పుస్తకం మాత్రం నా చేతికివ్వలేదు. నేను ఆకు గురించి తప్పు చెబితే నెత్తిన మొట్టింది కూడా. బడిలో నాకు ఇలాంటి అయ్యవారు దొరికి ఉంటే ఆరో తరగతి దాటేవాడిని, లేదా ఇంకా ముందే పారిపోయేవాడిని.

మేము ఆ ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. రైతు కొట్టం వెనక నడుము లోతు గుంటలో నిలబడి పార వేస్తున్నాడు. ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. ఒక తట్టెడు పురుగులు అప్పటికే గుంటలో ఒక పక్కన బోర్లించి ఉన్నాయి.

"ఎవరప్పా మీరు?" అన్నాడు ఆయన.

"మదనపల్లె నుంచి వస్తాండాను పెదనాయనా. పుస్తకం కుట్టినోణ్ణి."

ఆయన పార దించాడు. "నువ్వేనా? రా నాయనా రా. పురుగుల్తో పాటు నిన్నూ పూడస్తాను. గుంట లోతుగానే ఉండాది."

నేను తల దించుకున్నాను. ఆ పిల్ల ముందుకు వచ్చింది.

"గుంట యాల తీసినావు తాతా?"

"రోగమొచ్చింది తల్లీ. మేత ఇడిసిపెట్టినాయి. ఒళ్ళు పచ్చబారింది. తట్ట అంచులు పట్టుకోని తిరగతాండాయి. నూట తొమ్మిదో పేజీలో ఉండాది గదా, ఈ గుర్తులుంటే గుంట తీసి పూడ్సాలని. ఆ తర్వాత సూద్దామంటే రాకుమారి వచ్చింది."

పిల్ల ఇంకేమీ అడగకుండా కొట్టంలోకి వెళ్ళి, ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వెలుతురుకు ఎత్తిపట్టింది.

"రోగమయితే ఒళ్ళు ఉబ్బతాది. గిల్లితే పాలమాదిరి నీళ్ళు కారతాయి. ఇది సూడు తాతా, అద్దం మాదిరి లోపలంతా కనపడతాండాది. తల పైకెత్తి ఎతకతాండాది. రోగం గాదు ఇది. ఇల్లు కట్టుకునేదానికి తావు సూసుకుంటాండాది."

అని పుస్తకం తెరిచి నూట పదిహేడో పేజీ ఆయన ముందు పెట్టింది. రైతు పార పక్కనపెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. చదివి గుంటవైపు చూశాడు.

"సంద్రికలు యాడ తాతా?" అంది పిల్ల. వెదురు తట్ట మీద చుట్లు చుట్లుగా దడి కట్టి ఉంటుంది, పురుగు గూడు కట్టుకోవడానికి. దానిని చంద్రిక అంటారు. ఆఫీసువాళ్ళు ఇచ్చినవి మిద్దెమీద ఉన్నాయి. ఎలా వాడాలో పుస్తకంలో ఉందన్నారట. పుస్తకంలో లేకపోయేసరికి ఆయన భార్య వాటిమీద మిరపకాయలు ఎండబెట్టింది.

మిరపకాయలు దులిపి చంద్రికలు కిందికి దించారు. పండిన పురుగులను ఒక్కొక్కటే ఏరి చంద్రికల మీద వదలాలి. రైతు, ఆయన భార్య, పిల్ల, అవ్వ అందరూ కూర్చున్నారు. ఎవరూ చెప్పకముందే నేను గుంటలోకి దిగాను. బోర్లించిన తట్ట కింద మట్టిలోనుంచి బతికినవాటిని వేళ్ళతో ఏరాను. సగానికి సగం నలిగిపోయాయి. వాటిని చూసి అవ్వ పైనుంచి, "మెల్లిగా అప్పా, అయి కుట్టేటియి గాదు" అంది.

పొద్దు వాలేసరికి చంద్రికల మీద సన్నగా దారం కనబడింది. పురుగు తల అటూ ఇటూ ఆడిస్తూ తన చుట్టూ తానే నేసుకుంటోంది. రైతు చాలాసేపు చూసి గుంట దగ్గరికి వెళ్ళి పార తీసుకుని మట్టి లాగి పూడ్చేశాడు. అప్పుడు నాకు మజ్జిగ ఇచ్చాడు.

నేను అరుగు మీద కూర్చుని రెండు పుస్తకాల కుట్లూ విప్పాను. పిల్ల పుస్తకంలోని ఆఖరి ఫారం తీస్తుంటే చివరి రెండు ఆకులు అంటుకుని ఉన్నాయి. మా పేస్టు కాదది. అన్నం మెతుకులు.

"ఎవరు అంటించింది?"

"నేనే. చిన్న పిలకాయలు సదవతారని" అంది పిల్ల.

తడిపి విడదీసి చూశాను. గూళ్ళను ఆవిరిలో ఉంచి లోపలి పురుగును చంపాలని, లేకపోతే అది రెక్కల పురుగై గూడు చీల్చుకుని వస్తుందని, దారం తెగిపోతుందని రాసి ఉంది. రాకుమారి ఎలా పోయిందో ఆ పిల్లకు మొదటినుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

"తాతా, నువ్వు వీటిని ఆవిరి బెడతావా?"

"నేను యాల బెడతాను తల్లీ. మార్కెట్టుకు తోలతాను."

"ఆడ?"

రైతు లేచాడు. ఇంట్లోకి వెళ్ళి చిన్న చేట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "దీని నిండా గూళ్ళు ఎత్తిపెడతాను. వాటి జోలికి ఎవురూ రారు. సరేనా?"

నేను అసలు ముగింపును దాని పుస్తకంలో పెట్టి కుట్టి ఇస్తే పిల్ల అక్కడే చదివేసింది. రాకుమారి ఆకుపచ్చని వనంలో దారి కనుక్కుని వచ్చి, మాంత్రికుడిని గెలిచి, కిరీటం పెట్టుకుంటుంది.

"బాగలేదు," అంది. "ఊరికే కిరీటం పెట్టేసినారు."

పురుగుల పుస్తకం రైతుకిచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని కాసేపు నసిగాడు.

"ఏం పెదనాయనా?"

"ఏం లేదప్పా. ఆ మాట్లాడే తేలు ఎవురో తెలీకనే ఆఖరి కాయితాలు సదివినాను. మొదటి ఏడు భాగాలు యాడ దొరుకుతాయి?"

పంట నిలిచింది. ఆయన ఆ తర్వాత ఏళ్ళ తరబడి పురుగులు పెంచాడు. ప్రతిసారీ ఒక చేటెడు గూళ్ళు మార్కెట్టుకు తోలేవాడు కాదట. పుంగనూరులో మాత్రం గొడవైంది. కొత్త ముగింపు బాగాలేదని పిల్లలు పుస్తకం వెనక్కి విసిరికొట్టారు. ఆ పిల్ల పురుగుల పేజీలు పదహారింటినీ అంతకుముందే నోటుబుక్కులో రాసుకుని ఉంది. అద్దె పుస్తకాల అంగడాయన ఆ కాగితాలు నాకు తెచ్చిచ్చాడు, నేను వాటిని ఒక ఫారంగా మడిచి చివర కలిపి కుట్టాను. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎనిమిదో భాగానికి పుంగనూరులో మాత్రమే రెండు ముగింపులు. ఏది అసలుదో పిల్లలే తేల్చుకునేవారు.

రెండువేలు దాటాక ఏడెనిమిదేళ్ళకు, షాపులో పని దాదాపు లేని రోజుల్లో, కుప్పం దగ్గర పట్టు పురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రం నుంచి రిజిస్టర్లు బైండు చేయడానికి రమ్మని కబురు వచ్చింది. వెళితే తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. "మామా, వరస సూసే కుడతావు గదా?" అంది. గుర్తుపట్టేశాను.

నన్ను లోపలికి తీసుకెళ్ళింది. తట్టల నిండా తెల్లటి రెక్కల పురుగులు, గూళ్ళు చీల్చుకుని వచ్చినవి, రెక్కలు వణికిస్తూ తిరుగుతున్నాయి. ఎగరలేవు. అయినా ఆడిస్తూనే ఉన్నాయి.

"గూడు ఆవిరి బెట్టని తావు ఇదొకటే మామా. సదువుకునేటప్పుడే కనుక్కోని ఈడికే వచ్చినాను."

"అయితే గవ్వలకోట నీదే. కిరీటం యాడ?" అన్నాను.

నవ్వి పక్క గదిలోకి పిలిచింది. బల్లమీద మైక్రోస్కోపు, దాని పక్కన చిన్న కల్వం.

"గుడ్లు పెట్టినాక తల్లిని నూరి సూడాల. జబ్బుంటే ఆ గుడ్లు కాల్చేస్తాము. లేదంటే ఎంతమంది రైతులు గుంటలు తవ్వుకోవాల్సి వస్తాదో నీకు తెలుసు గదా."

"ఎవరు నూరతారు?"

"నేనే."

నేను కల్వంవైపు చూశాను. ఆమె నా ముఖం చూసి కల్వాన్ని తన దగ్గరికి లాక్కుంది.

"అంతవరకయినా బయటికొచ్చి రెక్కలు ఆడిస్తాయి గదా మామా" అని, ముందున్న పురుగును రెండు వేళ్ళతో, రెక్క నలగకుండా, ఎత్తుకుంది.